జోయిలా వేసిన కొసరు

"పదకొండు ఎక్కాయి, రెండు దిగాయి. ఏం వదినా, మిగతావి పైన గుడ్లు పొదుగుతున్నాయా?"

పికప్ బండి వెనక తలుపు దించుకుని, దాని మీద కూర్చుని కాళ్ళూపుతూ, బండి నడిపే క్లేవర్ వేసిన వేళాకోళం ఇది. పుకారా గుట్టకి మెట్లు నూట నలభై రెండు. పదకొండు ఇళ్ళకి పదకొండు క్రేట్లు, మూడేసి చొప్పున శాలువలో కట్టి, ఆ మూట వీపున వేసుకుని, నుదుటికి తాడు బిగించి నాలుగు విడతలు ఎక్కి దిగిన మనిషికి వేళాకోళం ఆడే ఊపిరి ఎక్కడిది? జోయిలా, తాడు ఒరిసిన చోట నుదురు రుద్దుకుంటూ, తెచ్చిన రెండు క్రేట్లూ బండిలోకి తోసింది.

ఆ రెండింట్లో ఒకదానిలో, మొక్కజొన్న డొప్పలో చుట్టిన వేయించిన గింజలు ఉన్నాయి. ఇంకోదానిలో చామంతి పూల కట్ట ఉంది, కషాయానికి. క్లేవర్ అడగకుండానే డొప్ప విప్పి గింజలు నోట్లో పోసుకున్నాడు.

"గుట్ట వాళ్ళు క్రేటు ఇస్తే ఇచ్చారు గానీ, ఇచ్చిన రోజు మాత్రం నాకు ఫలహారమే," అన్నాడు నములుతూ.

ఈ మాట జోయిలా విన్నది. విని వదిలేసింది. అప్పుడే పట్టుకుని ఉంటే ఇంత కథ జరిగేది కాదు. కానీ అలిసిపోయిన మనిషికి, ఎదురుగా ఉన్నది కళ్ళకి ఆనినా బుర్రకి ఆనదు.

ఆ పొద్దున రియోబాంబా పట్నం కింది పేటలో నలభై ఇళ్ళు తిరిగారు. అక్కడ మెట్లూ లేవు, ఇబ్బందీ లేదు. గేటు గంట కొట్టడం, పనిమనిషి తలుపు ఓరగా తీయడం, నిండు క్రేటు లోపలికి పోవడం, పోయిన వారంది బయటికి రావడం. రావడమంటే ఉత్తదే. దంతాల డాక్టరుగారింట్లో అయితే పనిపిల్ల కాలితో నెడుతుంది. అడుగున ఎండిన క్యాబేజీ రేక అతుక్కుని, క్రేటు రోడ్డు మీద గరగరమంటూ వస్తుంది. మొదటి వారం అలా జరిగినప్పుడు జోయిలాకి చెంప మీద కొట్టినట్టయింది. తన చేత్తో తిండి పెట్టి ఇచ్చినదాన్ని వట్టిది తిప్పి పంపడమా! తర్వాత అలవాటు పడింది. పట్నం వాళ్ళ పద్ధతి అది, వాళ్ళకేం తెలుసు అని సరిపెట్టుకుంది.

గుట్ట మీద అలా కాదు. అక్కడున్న వాళ్ళంతా తనలాగే పై ఊళ్ళ నుంచి దిగి వచ్చినవాళ్ళు, ఇటుక బట్టీల్లోనూ మార్కెట్లోనూ కూలి చేసుకునేవాళ్ళు, ఇంటి వెనక దుప్పటంత నేలలో నాలుగు చిక్కుడు మొక్కలు పెట్టుకునేవాళ్ళు. జోయిలా వస్తే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారు. మోకాలు ఎలా ఉందంటారు. ఆమె కూడా ఊరికే రాదు. కూరగాయలు పండించి ఇంటింటికీ పంపే ఆడవాళ్ళ సంఘం వాళ్ళది. ఆ సంఘం క్రేటులో క్యారెట్లు, బీట్‌రూట్, ఉల్లికాడలు, బంగాళాదుంపలు తూకం ప్రకారం ఉంటాయి. వాటి పైన, తన నడుముకి కట్టుకున్న గుడ్డలోంచి తన సొంత చేని సరుకు కాస్త వేస్తుంది. రెండు గుడ్లో, గుప్పెడు చిన్న దుంపలో, కొత్తిమీర కట్టో. కొసరు. కొసరు లేకుండా అమ్మేది అమ్మకమా? కింది పేట వాళ్ళకి మాత్రం వేయదు. వాళ్ళు చూసుకోరు కూడా.

ఆ రోజు పెట్రోనా అవ్వ గుమ్మంలో రెండు గుడ్లు వేస్తుంటే, అవ్వ ముఖం ఎందుకో వాడిపోయింది.

"ఎందుకు బిడ్డా మళ్ళీ గుడ్లు? నీ ఇంట్లో తినేవాళ్ళు లేరా?"

"నా కోళ్ళకి పనేముందవ్వా, పెట్టడం తప్ప."

అవ్వ గుడ్ల వంక చూసింది, క్రేటు వంక చూసింది, ఏదో అనబోయి మానుకుంది. వయసు మీద పడుతోంది పాపం అనుకుంది జోయిలా. క్రేటు మాట ఎత్తలేదు. ఆరు వారాలుగా ఏ గుమ్మంలోనూ ఎత్తలేదు. తిండి పెట్టిన గిన్నెని తిరిగి ఇమ్మని అడగడం వాళ్ళ ఊళ్ళో ముఖాన ఉమ్మేసినదానితో సమానం. వాళ్ళే ఇస్తారు. ఇవ్వాలని వాళ్ళకి తెలియదా?

మర్నాడు శుక్రవారం, క్రేట్లు కడిగే రోజు.

తాత అని పిలుచుకునే చింబొరాజో కొండ నెత్తిన మంచు కరిగి కాలవలో పారే నీళ్ళు షెడ్డు పక్క సిమెంటు తొట్టిలోకి పడతాయి. అందులో చెయ్యి పెడితే మోచేతి దాకా తిమ్మిరెక్కుతుంది. జోయిలా గుండ్రటి బ్రష్షుతో మూలలు తోముతోంది. క్రేటుని బోర్లించి, దులిపి, గోడకి ఏటవాలుగా పెడుతోంది. ఎండ పడితే ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ జాలీల నీడ నేల మీద గళ్ళు గళ్ళుగా పడుతుంది. చూడ్డానికి ఆమెకి ముచ్చటగా ఉంటుంది. ఈ క్రేట్లు కావాలని సంఘంలో అందరికంటే గట్టిగా అరిచింది తనే మరి. అంతకుముందు కూరగాయలన్నీ పల్చటి కవర్లలో వెళ్ళేవి. గాలికి లేచి వచ్చి కలబంద కంచెలకి వేలాడేవి. కిందటేడు ఆమె గొర్రెలు రెండు చచ్చిపోతే, పొట్ట కోసి చూస్తే కవర్లు.

సంఘం పెద్ద టార్హేలియా వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఆ గొంతు తగ్గించి మాట్లాడిందంటే ఏదో ఉన్నట్టే.

"జోయిలా, నూట ఇరవై క్రేట్లలో, కింది పేటలో తిరిగేవి కలుపుకుని లెక్కకి వచ్చినవి డెబ్బై తొమ్మిది."

"ఔను అక్కా."

"నలభై ఒకటి లేవు. నలభై ఒకటీ నీ గుట్టవే."

జోయిలా బ్రష్షు ఆపలేదు. "ఇస్తారు అక్కా. ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికి పోయాయో చెప్పేవాళ్ళు చెబుతున్నారు. బుధవారం సంతలో బంగాళాదుంపల వర్తకుడి దగ్గర పచ్చ క్రేట్లు చూశామంటున్నారు."

"పచ్చ క్రేట్లు దేశంలో మనకొక్కరికే ఉన్నాయా?"

"అదే నేనూ అన్నాను. కానీ జనం నోరు మూయించగలమా? గుట్ట వాళ్ళు అమ్ముకున్నారని కొందరు, అసలు గుట్ట దాకా వెళ్ళనే లేదని కొందరు." టార్హేలియా తొట్టిలో నీళ్ళ వంక చూసింది. "మోసేది నువ్వు ఒక్కదానివే కదా అని ఇంకొందరు."

బ్రష్షు ఆగిపోయింది. యాభై ఏళ్ళ వయసులో, ఒకరి పొలంలో ఒక ఉల్లికాడ కూడా తుంపని మనిషి, చేతులు నీళ్ళలో పెట్టుకుని ఆ మాట పడింది.

"నువ్వూ అంటున్నావా అక్కా?"

"నేనైతే నీ ఎదురుగా ఎందుకు కూర్చుంటానే? వెనకే అనేదాన్ని. చూడు, సోమవారం సాయంత్రం, క్రేట్లిచ్చిన ప్రాజెక్టు ఇంజనీరమ్మ వచ్చి లెక్క చూస్తుంది. క్రేట్లన్నీ ఉంటే మరో నూట ఇరవై ఇస్తారు, మిగతా పేటల్లో కూడా కవర్లు పూర్తిగా మానేయవచ్చు. లేకపోతే ఇచ్చినవి కూడా పట్టుకుపోతారు. ఆదివారం సభ పెడుతున్నా. గుట్టకి కూరగాయలు ఆపేద్దామనే వాళ్ళే ఎక్కువ. కింది పేట వాళ్ళు ఒక్కటంటే ఒక్కటి పోగొట్టలేదు కదా, చదువుకున్నవాళ్ళు నయం అంటున్నారు."

చదువుకున్నవాళ్ళు నయమట! కాలితో నెట్టేవాళ్ళు నయమట! జోయిలా మళ్ళీ బ్రష్షు అందుకుని క్రేటు మూల కసిగా తోమింది. కానీ నలభై ఒక్క క్రేట్లు ఏమయ్యాయో తనకీ తెలియదు. తెలియని దానికి ఏమని పోట్లాడుతుంది?

శనివారం మధ్యాహ్నం ఒంటరిగా మెట్లెక్కింది. మెట్టు మెట్టుకీ ఒకే మాట వల్లె వేసుకుంది. 'అవ్వా, క్రేట్లు ఉన్నాయా?' అంతే. మూడు మాటలు. పెట్రోనా అవ్వని ముందు అడిగితే, మిగతా పది ఇళ్ళూ అడగడం తేలిక.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"అవ్వా," అంది జోయిలా. తిరుగుతున్న కదురు వంక చూసింది. "మోకాలు ఎలా ఉంది?"

"మోకాలికేం, నాతోపాటే ముసలిదయింది. శనివారం పూట వచ్చావేం?"

"ఊరికే."

ఊరికే వచ్చినదానికి ఊరికే కూర్చోవాలి. కూర్చుంది. గుట్ట చివర నుంచి మబ్బు దిగింది. ఉన్నట్టుండి రేగుపళ్ళంత వడగళ్ళు రేకుల మీద దడదడా పడ్డాయి. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. లాగిన తర్వాత, అయ్యో, ఎందుకు లాగానా అన్నట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కానీ ఒక్క గది ఇల్లు, దాచడానికి చోటెక్కడ?

మంచం పక్కన క్రేట్లున్నాయి. ఆరు. ఒకదానిలో ఒకటి దూర్చి, తళతళా తోమి, పైన గులాబీ పూల కుట్టుపని ఉన్న తెల్లటి గుడ్డ కప్పి ఉంది. పండగకి పటం కింద పరిచే గుడ్డ అది.

అవ్వ మంచం మీద కూలబడింది.

"చూశావుగా. ఇక దాచేదేముంది? దొంగముండ అనుకో, నీ ఇష్టం."

"అవ్వా! అదేం మాట?"

"చిక్కుళ్ళు కాస్తాయి, క్రేటు నిండా కోసి పంపుదామనుకున్నా. మొదటి వారం అదే అనుకున్నా. పూత మీదుండగా మంచు కొట్టేసింది. పోనీ కోడి గుడ్లన్నా పెడదామంటే, నువ్వే గుడ్లు తెచ్చి పెడుతుంటివి. నీ గుడ్లు నీకే ఇవ్వనా? ఇంతలో రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఒక్కదానికే దిక్కులేదు, ఇన్నింటికి ఏం నింపేది? ఉత్త గిన్నె తిప్పి పంపితే మా అమ్మ నా వేళ్ళు విరిచేది బిడ్డా. డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాక ఇప్పుడు పంపనా?"

"డబ్బులిచ్చి కొనుక్కుంటున్నావు కదవ్వా! అది అమ్మకం. దానికి బదులేమిటి?"

"క్యారెట్లకి ఇచ్చా డబ్బులు. గుడ్లకి ఇచ్చానా?"

వడగళ్ళ మోత తగ్గి వాన మిగిలింది. అవ్వ మళ్ళీ తనే అంది, గుడ్డ అంచు సరిచేస్తూ.

"కవర్ల రోజులే నయం. నువ్వు కొసరేసినా, కవరు పారేస్తే అయిపోయేది. ఈ పాడు క్రేటు పోదు కదా. పొద్దున లేస్తే మంచం పక్కనే ఉండి నన్నే చూస్తుంటుంది. ఎర్లిందా దగ్గర అయిదున్నాయి. దానికి మొగుడు పని లేక కూర్చున్నాడు, ఏం పెడుతుంది? నువ్వు వస్తున్నావంటే ఇంట్లో లేనట్టు తలుపేసుకుంటోంది. మొన్న డొప్పలో గింజలు పంపిందే మార్తా, పిల్లల సాయంత్రం తిండి అది."

క్లేవర్ నములుతూ అన్న మాట జోయిలా బుర్రకి ఇప్పుడు ఆనింది. ఆరు వారాల్లో గుట్ట దిగిన ప్రతి క్రేటులోనూ ఏదో ఒకటి ఉంది. ఉత్తది ఒక్కటీ దిగలేదు. అది ఆమె సొంత ఊరి మర్యాదే, ఆమె అమ్మ నేర్పిందే. కింది పేటలో ఆ మర్యాద లేదని ముఖం ముడుచుకున్న మనిషి, గుట్ట మీద అదే మర్యాద జనాన్ని తలుపుల వెనక్కి తోస్తుంటే చూడలేకపోయింది. పెట్టేది తను కదా, పుచ్చుకునే చేతుల సంగతి ఆమెకేం తెలుస్తుంది?

ఇప్పుడు ఆరు క్రేట్లూ వీపున వేసుకుని దిగితే అవ్వ తల ఎక్కడ పెట్టుకుంటుంది? జోయిలా వాన వెలిసేదాకా కూర్చుని, వడగళ్ళకి చితికిన కొత్తిమీర మాటా ఉన్ని ధర మాటా మాట్లాడి, ఉత్త చేతులతో మెట్లు దిగింది.

ఆదివారం ప్రార్థనయ్యాక షెడ్డులో సభ. ఇరవై మంది ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు, గుమ్మం దగ్గర క్లేవర్. అనేవాళ్ళు అనవలసినవన్నీ అన్నారు. సంతలో చూశామన్నవాళ్ళు ఇంకోసారి చూశారు. అన్నీ అయ్యాక జోయిలా లేచింది. చేతులు శాలువ కింద ముడుచుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. గుడ్ల సంగతి, గులాబీ పూల గుడ్డ సంగతి, ఎర్లిందా తలుపు సంగతి. అన్నవాళ్ళంతా నేల చూపులు చూశారు. ఎందుకంటే అక్కడున్న ఒక్క ఆడదాని ఇంట్లోంచి కూడా ఇరుగింటి గిన్నె ఉత్తది పోయింది లేదు. ఇన్నాళ్ళూ ఒక్కరికీ తట్టలేదేం అంటే, క్రేటు గిన్నె అని ఎవరూ అనుకోలేదు. అది ప్రాజెక్టు వాళ్ళిచ్చిన సామాను.

"ఐతే దొంగ గుట్ట వాళ్ళూ కాదు, నువ్వూ కాదు. నీ కొసరు," అంది టార్హేలియా.

ఎవరో నవ్వారు. టార్హేలియా నవ్వలేదు.

"నవ్వేందుకేం లేదు. ఇంజనీరమ్మకి ఈ కథంతా చెప్పి ఒప్పించగలమా? క్రేట్లు కావాలి. జోయిలా, రేపు పైకి వెళ్ళి అడుగు. సంఘం అడగమంది అని చెప్పు. ఉత్తవే ఇమ్మను. ఇకమీదట కొసరు మానెయ్. కొసరు లేకపోతే బదులూ లేదు, సిగ్గూ లేదు. అందరికీ సుఖం."

కాదనడానికి ఏముంది? న్యాయంగానే ఉంది. ఆమె పేరు నిలబడింది, గుట్టకి కూరగాయలు ఆగవు. సరే అంది. ఇంటికి వెళ్ళి, నడుముకి కట్టుకునే గుడ్డ ఉతికి ఆరేసింది.

సోమవారం పొద్దున్నే మెట్లెక్కింది. నడుముకి గుడ్డ లేదు. పెట్రోనా అవ్వ పొయ్యి దగ్గరుంది. జోయిలా గుమ్మం దాటలేదు. దాటితే చెప్పలేనని తెలుసు. రాత్రంతా కూడబలుక్కున్నది గబగబా అప్పజెప్పింది.

"అవ్వా, సంఘం వాళ్ళు క్రేట్లు తెమ్మన్నారు. ఉత్తవే ఇచ్చెయ్యండి, ఎవరూ ఏమీ పెట్టనక్కర్లేదు. ఇకనుంచి కొసరు కూడా ఉండదు. తూకం ప్రకారం ఎంతో అంతే."

అవ్వ లేవడానికి కాస్త సేపు పట్టింది. గులాబీ పూల గుడ్డ తీసి మడత పెట్టింది. ఆరు క్రేట్లూ ఎత్తుకొచ్చి గుమ్మంలో నేల మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

"సరిచూసుకోండి అమ్మగారూ," అంది.

అమ్మగారట! ఆరేళ్ళుగా బిడ్డా అన్న నోటితో. అవ్వ కోపంగా అనలేదు. కింది పేటలో ఇళ్ళు తుడిచే రోజుల్లో అక్కడి ఆడవాళ్ళతో ఎలా మాట్లాడేదో అలా అంది, మర్యాదగా. అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

జోయిలా క్రేట్లు శాలువలో కట్టింది. వీపున వేసుకుంది. నాలుగు మెట్లు దిగింది. ఆరు ఉత్త క్రేట్లంటే ఏం బరువు? దూదిలా ఉన్నాయి. అయిదో మెట్టు మీద కాలు పడలేదు. ఏడుపొచ్చింది. గోడ పట్టుకుని నిలబడి ముక్కు చీదింది. అడిగింది కదా, అడగలేనన్నది అడిగింది కదా, మరి ఎందుకీ ఏడుపు? సంఘం తరఫున అడిగింది. సంఘం నోటితో అడిగింది. తన నోటితో ఎవరినీ ఏదీ ఎన్నడూ అడిగింది లేదు. పెట్టడమే తెలుసు. పెట్టి తల ఎత్తుకుని మెట్లు దిగడమే తెలుసు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, సరే. ఎన్నడూ ఏదీ అడగని మనిషికి తిరిగి పెట్టాలంటే మాత్రం ఎవరికి సాధ్యం?

వెనక్కి తిరిగి చూసింది. అవ్వ రేకు చేటలో బూడిద ఎత్తుకుని, మోకాలు పట్టుకుంటూ, గుట్ట అంచున పారబోయడానికి వస్తోంది.

జోయిలా పైకెక్కింది.

"పారబోయకవ్వా. నాకియ్యి."

"ఏమిటి?"

"బూడిద. నా క్యాబేజీ నారు పురుగు పట్టి పోతోంది. రాత్రికి రాత్రి మొదళ్ళు కొరికేస్తోంది. వారంలో రెండు మళ్ళు పోయాయి. బూడిద చల్లితే ఆగుతుంది. మా ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చాక బూడిదెక్కడిది?"

అవ్వ చేట పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళు చికిలించి చూసింది. "నన్ను ఆడించడానికి అంటున్నావా?"

"నా నారు మీద ఒట్టు. కావాలంటే వచ్చి చూడు. సగం మడి బోడి అయిపోయింది. ఇంకెవరినన్నా అడగాలంటే సిగ్గేసింది." ఆ చివరి మాట నిజమే, అంతా నిజమే. పక్క ఊళ్ళో కట్టెల పొయ్యిలున్న ఇళ్ళు ముప్ఫై ఉన్నాయి, ఒక్క గడప కూడా ఎక్కలేదు.

"బూడిద అడగడానికి సిగ్గా!" అవ్వ గొంతు లేచింది. "ఆరు వారాల్నుంచి నేనిక్కడ పొయ్యి పొయ్యెడు బూడిద గాలికి పోస్తుంటే, నువ్వక్కడ నారు పోగొట్టుకుంటున్నావా? గుడ్లు పెట్టడానికి చెయ్యి వచ్చింది గానీ నోరు రాలేదేం నీకు? పెట్టేదానివి నువ్వొక్కదానివేనా లోకంలో? మేమేం చచ్చామా?"

తిట్లు తింటూ జోయిలా నవ్వింది. ఏడ్చిన కళ్ళతోనే నవ్వింది.

అవ్వ ఆగలేదు. చేట కింద పెట్టి, గుట్ట అంచుకి వెళ్ళి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేసింది. "ఒసే ఎర్లిందా! తలుపు తియ్యవే! జోయిలా చేను పురుగు తినేస్తోందట! బూడిద కావాలట, బూడిద! మార్తాకి చెప్పు! అందరికీ చెప్పు!"

తలుపు తెరుచుకుంది. ముందు ఎర్లిందా తల, తర్వాత ఎర్లిందా. ఒక అరగంటలో మెట్ల మీద ఆడవాళ్ళు బారులు తీరారు. చేతుల్లో పచ్చ క్రేట్లు, వాటిల్లో బూడిద. జాలీ క్రేటులో బూడిద నిలుస్తుందా? అందుకని మూటలు కట్టారు. దేనిలోనంటే, సంఘం వాళ్ళు మానేసిన ఆ పల్చటి కవర్లలోనే. ఒక్కో ఇంట్లో పాత కవర్లు ఉతికి మడిచి దూలంలో దోపుకున్నవి ఎన్ని ఉన్నాయో! మార్తా అయితే పొయ్యిలో ఆరింది చాలలేదని, నిన్నటి కుప్ప కూడా ఊడ్చి తెచ్చింది.

"నారుకే కాదక్కా, ఉల్లికి కూడా చల్లు," అంది ఎర్లిందా. ఆరు వారాల తర్వాత ఎదురుపడి అన్న మొదటి మాట అది.

కింద నుంచి క్లేవర్ అరిచాడు. "వదినా! ఇంజనీరమ్మ వచ్చి క్రేట్లు లెక్కబెట్టుకోవాలా, తుమ్ములు లెక్కబెట్టుకోవాలా?"

"నోరు మూసుకుని మొయ్యరా!" అన్నది పెట్రోనా అవ్వ. గుట్టంతా నవ్వింది.

నలభై ఒకటీ దిగాయి. అందరూ వెళ్ళాక జోయిలా మళ్ళీ అవ్వ గుమ్మంలోకి వచ్చింది. అవ్వ ఇంట్లో కవర్లు లేవు. చేటలో బూడిదంతా నీలం రంగు పింగాణీ గిన్నెలో ఎత్తి, అంచు దాకా చేత్తో అదిమి, మూత పెట్టి, గులాబీ పూల గుడ్డతో కట్టింది. పెళ్ళినాటి గిన్నె అది. రెండు చేతులతో పట్టుకుని జోయిలా చేతుల్లోనే పెట్టింది.

"గిన్నె జాగ్రత్త బిడ్డా. గురువారం వచ్చేటప్పుడు మర్చిపోకుండా తెచ్చియ్యి."

"తెస్తానవ్వా."

"ఉత్తదే తేవాలి. కొసరు లేదన్నావు కదా."

జోయిలా గిన్నె వంక చూసింది. అంత మంచి గిన్నె, అంత నిండుగా. చప్పున అనేసింది. "ఉత్తదెలా తెస్తానవ్వా, నాకు చేతులెలా వస్తాయి?"

అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, పళ్ళు లేని నోరు తెరిచి నవ్వుతూ ఆమెనే చూస్తోంది.